సంఘం మెగ్గరు

పోయిన నెల మింట్ స్ట్రీట్ వెనక సందులో ఒక పాత ఇంటికి వైరింగు మార్చే పని ఒప్పుకున్నాను. మద్రాసు టెర్రస్ కప్పు, వేలెడు మందాన సున్నం పట్టిన గోడలు. ముందుగదిలో ఒక గోడకి మాత్రం ఎవరూ ముట్టుకోని టేకు కేసింగు అలాగే మిగిలి ఉంది. ఉలితో దాని మూత లేపేసరికి లోపల పక్కపక్కన పడుకున్న రెండు రబ్బరు వైర్లు కనిపించాయి. పైన నూలు అల్లిక, లోపల ఎండిపోయి పెళుసెక్కిన రబ్బరు. వేలితో తాకితే పొడై రాలింది. టేకు, రబ్బరు, ఏళ్ళ తరబడి పేరుకున్న దుమ్ము, మూడూ కలిసిన వాసన ఒక్కసారిగా ముక్కుకి కొట్టింది. సాయంత్రం పని నుంచి వచ్చిన మా నాయన చొక్కా దగ్గర వచ్చే వాసన అది. నిచ్చెన మీదే కాసేపు అలా ఉండిపోయాను.

కింద నిచ్చెన పట్టుకున్న కుర్రాడు, "ఏం మావా, కరెంటుందా అందులో?" అని హడలిపోయాడు. వాడిది కుప్పం దగ్గర పల్లె. నా దగ్గర చేరి ఏడాది దాటింది. లేదురా అన్నాను. కిందికి దిగి టీ తాగుతుంటే వాడే మొదలుపెట్టాడు.

"మావా, వైర్‌మేన్ల సంఘంలో చేరు చేరు అంటున్నావు. ఏడాదికి పన్నెండు వందలు కడితే నాకేమొస్తుంది?"

వాడికి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఇదే ప్రశ్న మా నాయన అడగ్గా విని పెరిగినవాణ్ణి నేను.

* * *

మేము పాత వణ్ణారపేటలో ఉండేవాళ్ళం. నాయనది సూళ్ళూరుపేట దగ్గర పల్లె. మీసాలు రాకముందే రైలెక్కి మద్రాసు వచ్చాడు. ఆయనకి పని నేర్పిన మేస్త్రీ తాత ఒకప్పుడు ట్రాము షెడ్డులో చేసినవాడు. 1953లో మద్రాసులో ట్రాములు ఆగిపోయాక ఇళ్ళ వైరింగుకి వచ్చాడట. ఆ తాత పోయేదాకా నాయన మా వీధి మొదట్లో ఉన్న ఆయన ఇంటి ముందు నుంచి సైకిలు ఎక్కి వెళ్ళలేదు. దిగి, నడిపించుకుంటూ దాటి, ఆ తర్వాతే ఎక్కేవాడు.

నాయన పనికి బయల్దేరే చప్పుడుతోనే మాకు తెల్లవారేది. సైకిలు క్యారియరుకి సంచీ కట్టేవాడు. అందులో కటింగ్ ప్లయరు, స్క్రూడ్రైవర్లు, సుత్తి, ఉలి, బ్లోల్యాంపు, హోల్డరుకి రెండు వైర్లు తగిలించిన టెస్ట్ ల్యాంపు. భుజానికి వెదురు నిచ్చెన. నిచ్చెనతో సైకిలు తొక్కడం ఒక విద్య. మలుపు తిరిగేటప్పుడు వెనక కొస ఎవరి మొహానికి తగులుతుందోనని ఆయన నోటితోనే హారను కొట్టుకుంటూ వెళ్ళేవాడు.

అప్పుడు ఇప్పటిలా గోడ కోసి పైపు పెట్టడం తక్కువ. గోడకి ఉలితో తొర్ర చేసి, అందులో చెక్క ముక్క దిగగొట్టి, దాని మీద టేకు పట్టీ బిగించి, పట్టీ మీద నాలుగంగుళాలకొక క్లిప్పు కొట్టి వైరు పరచాలి. క్లిప్పులు కొట్టే చిన్న మేకులు సగానికి సగం వంగిపోయేవి. వాటిని పారెయ్యకుండా చొక్కా జేబులో వేసుకుని ఇంటికి తెచ్చేవాడు. రాత్రి అన్నాలయ్యాక నేనూ మా అక్కా గడప మీద పెట్టి చిన్న సుత్తితో తిన్నగా చేసేవాళ్ళం. టక్ టక్ మని అరగంట. పక్కింటి పాటీ, అంటే తమిళ అవ్వ, "మీ ఇంట్లో కంసాలి దుకాణం పెట్టారా?" అనేది. రాగి ముక్కలన్నీ ఒక డాల్డా డబ్బాలో పోగయ్యేవి. దీపావళి ముందు వాటిని కాల్చి, తొడుగు పోయాక తూకానికి అమ్మితే మా బాణాసంచా డబ్బులు వచ్చేవి.

ఆ పనిలో నాయనకి ఒక్క లోటుండేది. ఆయనకి లైసెన్సు లేదు.

1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్సులో 45వ రూలు అని ఒకటి ఉండేది. బల్బు, ఫ్యూజు, స్విచ్చి మార్చడం లాంటి చిల్లర పనులు తప్ప, వైరింగు అన్నది లైసెన్సున్న కాంట్రాక్టరే చెయ్యాలి, సర్టిఫికెట్టున్న మనిషి దగ్గరుండి చూడాలి. నాయన లాంటి పనివాళ్ళు ఇల్లంతా వైరింగు చేసి, చివర్లో పేపరు మీద సంతకానికి లైసెన్సున్న ఒక కాంట్రాక్టరు దగ్గరికి వెళ్ళేవాళ్ళు. ఆయన ఆ ఇల్లు చూసేవాడు కాదు. డబ్బు తీసుకుని సంతకం పెట్టేవాడు. చేతులు ఒకరివి, కాగితం ఒకరిది.

* * *

సంఘం గది మా ఇంటికి పది నిమిషాల దూరం. కింద సైకిలు షాపు, పక్కన ఇరుకు మెట్లు, పైన ఒక గది. రెండు బెంచీలు, ఒక అద్దాల బీరువా, గోడకి తమిళంలో నోటీసులు. వీధిలోంచి చూస్తే సాయంత్రం ఆ గదిలో ట్యూబులైటు వెలుగుతుండేది. నాయన తోటి వైర్‌మేన్లు చాలామంది అందులో మెంబర్లు. నెలకి రెండు రూపాయలు చందా. తమిళంలో దాన్నీ "సందా" అంటారు, అర్థం ఒకటే.

"సంఘం కూడు పెడుతుందా?" అనేవాడు నాయన. "రెండు రూపాయలకి ఇంట్లోకి కూరగాయలొస్తాయి."

చాలా ఏళ్ళు నేను దాన్నే నమ్మాను. అసలు సంగతి అమ్మ చెప్పింది, అదీ ఆయన పోయాక. డబ్బు సంగతి కాదట. ఆయనకి తెలుగు తప్ప చదవడం రాదు. ఒకసారి ఎవరో మేస్త్రీ తమిళ కాగితం మీద సంతకం పెట్టించుకుని, కూలి మొత్తం ముట్టిందని అందులో రాసుకున్నాడట. అప్పటినుంచి చదవలేని కాగితం పక్కన కూర్చోవడమంటేనే భయం. ఆ గది నిండా ఉన్నవి ఆ కాగితాలే.

ఊళ్ళో ఉంటూ ఊరి అక్షరాలు రాకపోవడం ఎంత భయమో మద్రాసు తెలుగువాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. 1918లోనే మిల్లు కార్మికులు కూడి మద్రాస్ లేబర్ యూనియన్ పెట్టుకున్నది మా పెరంబూరు వైపే. సంఘం అంటే ఏమిటో ఉత్తర మద్రాసుకి ఒకరు నేర్పాల్సిన పని లేదు. అలాంటి చోట ఉండి కూడా మా నాయన ఆ మెట్లెక్కలేదు.

* * *

తర్వాత ఆ నిప్పు సంగతి.

టౌనులో ఒక బట్టల అంగడి. నాయన వైరింగు చేసి మూడు నెలలు కాలేదు. కూలిలో సగం బాకీ ఇంకా రావాలి. ఒక రాత్రి లోపలి గదిలో మంట లేచింది. మనుషులకేమీ కాలేదు, గుడ్డలు కాలాయి. తెల్లారి నాయన వెళ్తే యజమాని ఆయన నిచ్చెన, సంచీ పట్టి పెట్టుకున్నాడు. నీ వైరింగు వల్లే తగలబడింది, పోలీసుకి చెప్తానన్నాడు. నాయన కాంట్రాక్టరు దగ్గరికి పరిగెత్తాడు. సంతకం పెట్టిన ఆ కాంట్రాక్టరు, "ఆ పని నాది కాదు, ఈ మనిషి ఎవరో నాకు తెలీదు" అన్నాడు.

రెండు రోజులు నాయన గోడకి ఆనుకుని కూర్చున్నాడు. అన్నం ముట్టలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకునేవాడు. నాకు గుర్తున్నంతలో ఆయన పగటి పూట ఇంట్లో ఉండటం అదే మొదలు.

మూడోరోజు పొద్దున మా వీధిలోనే ఉండే ఒక తమిళ వైర్‌మేన్ సంఘం సెక్రటరీని వెంటబెట్టుకుని వచ్చాడు. సెక్రటరీ సారు బేసిన్ బ్రిడ్జి పవర్‌హౌసులో చేసి రిటైరైన మనిషి. తెల్ల పంచె, కళ్ళద్దాలకి దారం. ఆయన చేతిలో తోలు పెట్టె ఉంది. "మెంబరు కాదట కదా" అని అడిగాడు. నాయన తల దించుకున్నాడు. "సరే, అది తర్వాత చూసుకుందాం. పదండి" అన్నాడు. నన్నూ వెంట తీసుకెళ్ళారు, తమిళం చదవడానికి ఎవరో ఒకరుండాలని నాయన పట్టుబట్టాడు.

ఆ అంగడిలో సెక్రటరీ సారు ముందు మాట్లాడలేదు. మెయిను బోర్డు దగ్గరికి వెళ్ళి పింగాణీ ఫ్యూజు క్యారియరు లాగాడు. అందులో ఉండాల్సింది నాయన వేసిన సన్న ఫ్యూజు తీగ, 5 ఆంపియర్లది. ఉన్నది మెలేసిన రాగి తీగ, పిన్నీసు మందాన. ఇస్త్రీ పెట్టె పెట్టినప్పుడల్లా ఫ్యూజు పోతోందని అంగడి పనివాడెవరో వేశాడు. లోడు ఎంత ఎక్కినా ఆ తీగ కరగదు. కరగాల్సిన ఆ తీగ కరగకపోతే గోడ మీది వైరు కరుగుతుంది.

తర్వాత తోలు పెట్టె తెరిచాడు. లోపల నల్లటి బేకలైటు డబ్బా, పక్కన మడత హ్యాండిలు. వైరు తొడుగులోంచి కరెంటు బయటికి కారుతుందో లేదో చూసే మెగ్గరు అది. ముల్లు ఎంత పైకి లేస్తే తొడుగు అంత గట్టిగా ఉన్నట్టు. దాన్ని నేను చూడటం అదే మొదటిసారి. కాలకుండా మిగిలిన సర్క్యూట్లకి ఒక్కొక్క దానికీ ఒక వైరు కరెంటు వచ్చే లైను తీగకి, ఒకటి నేలలోకి దిగే ఎర్తుకి తగిలించి, హ్యాండిలు తిప్పాడు. నిమిషానికి 160 చుట్లు తిప్పితే అది 500 వోల్టులు పుట్టిస్తుంది. ఒక నిమిషం అలా పెట్టి చూస్తే ముల్లు కనీసం ఒక మెగా ఓము చూపించాలని రూలు. ముల్లు ఒక మెగా ఓమును ఎప్పుడో దాటి చాలా పైన నిలబడింది. ప్రతి సర్క్యూటుకీ అంతే. తిప్పుతున్నంతసేపూ ఒక గుర్రుమనే చప్పుడు, తిరగలి తిప్పినట్టు. ఆ చప్పుడు తప్ప అంగడిలో ఇంకేమీ వినబడలేదు.

రెండు పేజీల కాగితం అక్కడే రాశారు. నేను నాయనకి తెలుగులో చదివి వినిపించాకే ఆయన్ని సంతకం పెట్టనిచ్చారు. బాకీ మొత్తం రాలేదు. సగం వచ్చింది. నిచ్చెన, సంచీ వచ్చాయి. పోలీసు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆ రోజు నాయన సైకిలెక్కలేదు, నిచ్చెన భుజాన వేసుకుని టౌను నుంచి ఇంటిదాకా నడిచే వచ్చాడు.

* * *

మరుసటి ఆదివారం మేమిద్దరం ఆ మెట్లెక్కాం. రిజిస్టరు ముందుకు తోశారు. నాయన పెన్ను పట్టుకుని ఆగిపోయాడు. సెక్రటరీ సారు చూసి, "తెలుంగులయే పోడుంగ" అన్నాడు. తెలుగులోనే పెట్టండి అని. నాయన సంతకం పెట్టాడు. గుండ్రటి అక్షరాలు, ఆ పేజీ అంతా తమిళం మధ్య ఒక్క వరస.

నన్ను చూసి, "ఈ అబ్బాయికి రెండూ వచ్చు కదా, నోటీసులు తెలుగులో కూడా రాస్తాడా?" అని అడిగాడు. అలా నాకు పదమూడో ఏట సంఘంలో ఉద్యోగం దొరికింది. జీతం ఒక బన్ను, టీ. కార్బను పేపరు పెట్టి నాలుగు కాపీలు రాసేవాణ్ణి. ఆ తెలుగు నోటీసులు గోడకెక్కాక కొరుక్కుపేట, తండయారుపేట వైపు నుంచి మనవాళ్ళు పదిహేను మంది దాకా చేరారు. అంతకుముందు వాళ్ళంతా మా నాయన లాగే కింద వీధిలోంచి ట్యూబులైటు చూసి వెళ్ళినవాళ్ళే.

ఆదివారం క్లాసులు జరిగేవి. నేను నేర్చిన పనిలో సగం ఆ బెంచీ మీదే నేర్చాను. ఎర్తు గుంట ఎంత లోతు, పైపు చుట్టూ బొగ్గు ఒక వరస, ఉప్పు ఒక వరస ఎందుకు, ఎండాకాలంలో దానికి నీళ్ళు ఎందుకు పొయ్యాలి. ఒక క్లాసు మాత్రం ఇప్పటికీ నిన్న జరిగినట్టుంటుంది. పాత ఇళ్ళ బోర్డుల్లో లైనుకొక ఫ్యూజు, కరెంటు తిరిగి పోయే న్యూట్రలు తీగకొక ఫ్యూజు ఉండేవి. సారు ఒక బోర్డు మీద బల్బు పెట్టి న్యూట్రలు ఫ్యూజు లాగేశాడు. బల్బు ఆరిపోయింది. "కరెంటుందా?" అని అడిగాడు. లేదన్నాం అందరం. టెస్టరు పెట్టాడు. హోల్డరులో వెలిగింది. బల్బు ఆరింది గానీ కరెంటు అక్కడే కూర్చుని ఉంది. ఆరిపోయిందనుకుని చెయ్యి పెట్టేవాడి కోసం. ఆ వారం నుంచి నాయన వెళ్ళిన ప్రతి పాత ఇంట్లోనూ అడిగినా అడగకపోయినా న్యూట్రలు ఫ్యూజు తీసి, అక్కడ తీగ లింకు బిగించి వచ్చేవాడు. దానికి డబ్బు తీసుకోలేదు.

మెగ్గరు సంఘానిది. నాయనలాంటి వాడు కొనగలిగే వస్తువు కాదు. మెంబరయితే రిజిస్టరులో సంతకం పెట్టి ఒక రోజుకి తీసుకెళ్ళొచ్చు. ఆయుధ పూజ రోజు అందరి ప్లయర్లు, స్క్రూడ్రైవర్లు తెచ్చి బెంచీ మీద పరిచి, మధ్యలో ఆ తోలు పెట్టె పెట్టి, చందనం, కుంకుమ బొట్లు పెట్టేవాళ్ళం. బొరుగులు, పుట్నాలు, బెల్లం పంచేవాళ్ళు. తర్వాత రెండేళ్ళకి నాయన పరీక్షకి కూర్చుని సర్టిఫికెట్టు తెచ్చుకున్నాడు. ఫారం నింపింది సెక్రటరీ సారే.

* * *

అన్నీ ఇలాగే జరిగాయని రాస్తే అబద్ధమవుతుంది.

నేను పనిలోకి దిగాక సంఘం రెండుగా చీలింది. ఎలక్షను గొడవ. ఒకే మెట్ల మీద ఎక్కే మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. లెక్కలు చూపించమంటే ఒక కోశాధికారి నెలలు గడిపాడు. నేను ఆర్నెల్లు చందా కట్టకుండా కోపంగా తిరిగాను.

రేట్ల కార్డు గొడవ ఇంకొకటి. లైటు పాయింటుకింత, ఫ్యాను పాయింటుకింత, అంతకు తగ్గి ఎవరూ చెయ్యకూడదని అచ్చేసి పంచారు. పంచిన వారానికే పంచినవాళ్ళే తగ్గించి పనులు పట్టారు. నాకైతే చాలా బాధ కలిగింది. తర్వాత ఒక మీటింగుకి వచ్చిన లాయరు, 2002 నాటి కాంపిటీషన్ చట్టం ప్రకారం సంఘంగా కూడి రేటు కట్టడం అసలు తప్పని వివరించాడు. అప్పటినుంచి రేటు కార్డు మానేసి, ఎస్టిమేటు రాయడం నేర్పించారు. సామాను విడిగా, కూలి విడిగా, ఎన్ని రోజులు, డబ్బు ఎప్పుడెప్పుడు ఇవ్వాలి, ఎవరు సంతకం పెట్టాలి. రేటు కార్డు కన్నా ఇదే మాకు ఎక్కువ అన్నం పెట్టింది. మూడు విడతల్లో డబ్బు రాయించుకోవడం మొదలుపెట్టాక నాకు బాకీ ఎగ్గొట్టినవాళ్ళు తక్కువ.

కుర్రాడికి ఇంకో సంగతి కూడా చెప్పాలి. సంఘం పనులు తెచ్చిపెట్టదు. పని తెచ్చేది మనం చేసిన పని, దాన్ని చూసిన పక్కింటివాళ్ళు, సామాన్లు కొనే కొట్టువాడు. ఈ మధ్య ఫోనులో యాపులు. మెంబరు కార్డు చూపిస్తే ఎవరూ పిలవరు. కార్డు ఇచ్చి డబ్బు తీసుకుని, ముద్ర కొట్టి పంపేసే సంఘాలు కూడా ఊళ్ళో ఉన్నాయి. కట్టడాల పనివాళ్ళకి సంక్షేమ బోర్డు ఉంది. 18 దాటి 60 లోపు ఉండి, అంతకు ముందు 12 నెలల్లో 90 రోజులు పని చేసి ఉంటే అందులో పేరు రాయించుకోవచ్చు. ఆ 90 రోజుల కాగితానికి పని చెయ్యనివాడి దగ్గర కూడా డబ్బు తీసుకుని ముద్ర కొట్టే చోట్లు చూశాను. అలాంటి గడప తొక్కొద్దనే చెప్తాను. గదిలో మెగ్గరు ఉందా, ఆదివారం ఎవరైనా పాఠం చెప్తారా, లెక్కల పుస్తకం అడిగితే బల్ల మీద పెడతారా, ఈ మూడూ చూసి చేరమంటాను.

మా సంఘంలో మాత్రం ఆ బోర్డు ఫారాలు నింపడానికి ఇద్దరు ముసలి మెంబర్లు ప్రతి శనివారం కూర్చునేవాళ్ళు. పైసా తీసుకునేవాళ్ళు కాదు. నిచ్చెన మీంచి పడి నడుము విరిగిన ఒక మెంబరు ఇంటికి ఫారం పట్టుకుని వాళ్ళే వెళ్ళారు.

* * *

2015 డిసెంబరు వరదల్లో అడయారు ఒడ్డు ఇళ్ళలోకి నీళ్ళు వచ్చి మీటరు బోర్డులు మునిగాయి. నీళ్ళు తీశాక అసలు ప్రమాదం మొదలైంది. బురద పట్టిన బోర్డుకి కరెంటు ఇస్తే గోడ ముట్టుకున్నవాడు పోతాడు. జనం చీకట్లో ఉండలేక మెయిను వేసేస్తామంటున్నారు. చీలిపోయిన రెండు సంఘాలవాళ్ళం ఫోన్లు చేసుకున్నాం. ఎవరు ముందు చేశారో ఇప్పుడు గుర్తు లేదు. ఇద్దరిద్దరుగా జాఫర్‌ఖాన్‌పేట సందుల్లో తిరిగాం. స్విచ్చి బోర్డులు విప్పడం, బురద తుడవడం, ఎండలో పెట్టడం, మెగ్గరు పెట్టి చూడటం, ముల్లు లేస్తేనే మెయిను వెయ్యడం. నాతో జత కలిసింది, ఎలక్షన్లో నన్ను అందరి ముందూ తిట్టిన మనిషి. మోకాళ్ళ లోతు బురదలో రెండు రోజులు ఒకే డబ్బాలో అన్నం తిన్నాం. ఆ ఎలక్షను సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఒక ఇంట్లో ఒక పెద్దావిడ మేము చూసేదాకా ఆగకుండా మెయిను వెయ్యబోయింది. నా జతగాడు అరిచిన అరుపుకి వీధంతా ఆగింది. తర్వాత మెగ్గరు పెడితే ముల్లు సున్నా మీదే ఉంది. ఆవిడకి చూపించాం. ఆవిడ కింద కూర్చుండిపోయింది.

* * *

నాయన పనులు మానేశాక కూడా చందా మానలేదు. ఆయన పోయాక ట్రంకు పెట్టె తీస్తే అడుగున రసీదులన్నీ ఏడాదివారీగా దారంతో కట్టి ఉన్నాయి. వెనక పక్క తెలుగులో ఏవేవో లెక్కలు, క్లాసులో విన్న మాటలు. ఒకదాని వెనక "న్యూట్రలుకు ఫ్యూజు పెట్టరాదు" అని రాసి కింద రెండు గీతలు గీశాడు.

కుర్రాడికి ఇవన్నీ ఒక్కసారి చెప్పలేకపోయాను. మింట్ స్ట్రీట్ ఇంటి పని పూర్తయ్యేనాటికి నా డిజిటల్ మీటరు సంచీలోనే ఉంచి, వాణ్ణి సంఘం గదికి పంపాను. గది ఇప్పుడు వేరే వీధిలో ఉంది, బీరువా మాత్రం అదే. పాత తోలు పెట్టె, రిజిస్టరు ఇంకా అందులోనే ఉన్నాయి. వాడు మెంబరు కాదు గనక నా పేరు మీద తెచ్చాడు.

"మావా, ఆ రిజిస్టరు ముందు పేజీల్లో ఒకాయన తెలుగులో సంతకాలు పెట్టాడు. చాలాసార్లు తీసుకెళ్ళాడు దీన్ని. ఎవరాయన?"

చెప్పాను. వాడు పెట్టె కేసి ఒకసారి చూశాడు. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని డబ్బాని నేలకి గట్టిగా అదిమి పట్టుకున్నాడు. లైనుకొక వైరు, ఎర్తుకొక వైరు తగిలించి ఇచ్చాను. "నిమిషం పాటు ఆపకు, చెయ్యి ఒకే తీరుగా తిరగాలి" అన్నాను. వాడు హ్యాండిలు తిప్పుతూ పైకే లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఖాళీ ఇంట్లో తిరగలి చప్పుడు లేచింది. ముల్లు కదిలింది.